సెకనులో ఎనిమిదో వంతు

1999 జూలైలో నన్ను హైదరాబాదు నుంచి అనంతపురానికి డెప్యుటేషన్ మీద పంపారు. అక్కడ ఒక శిక్షణ సంస్థకు అనుబంధంగా చిన్న శబ్ద విభాగం ఉండేది. నా హోదా సీనియర్ సౌండ్ టెక్నీషియన్. నా పైన ఒక ప్రోగ్రాం అధికారి. నా కింద ఎవరూ లేరు. అప్పటికి ఉద్యోగంలో చేరి ఇరవై ఆరేళ్ళయింది. సర్వీసు పుస్తకంలో ఒక్క ఎర్ర సిరా గీత లేదు. ఆ సంగతి నాకు అవసరమైన దానికన్నా ఎక్కువగా గుర్తుండేది.

అప్పగించిన పని నీటి సంరక్షణ ప్రచారానికి ఎనిమిది పాటల క్యాసెట్టు తయారు చేయడం. జూలై ముగిసే వేళకు కూడా జిల్లాలో చాలాచోట్ల వేరుసెనగ విత్తనం పడలేదు. గట్లు వేయడం, నీటి గుంటలు తవ్వడం గురించి పాటలు కట్టించి, మైకు జీపుల్లో ఊరూరా వినిపించాలన్నది ఆలోచన. పాటలు ఒక ఉపాధ్యాయుడు రాశారు. వాయించడానికి గుంతకల్లు నుంచి ఒక ఆర్కెస్ట్రాను ఎంపిక చేశారు.

మా స్టూడియో ఒకప్పటి గిడ్డంగి. దాన్ని అడ్డుగోడతో రెండు గదులు చేసి, గోడలకు కొబ్బరి పీచు పలకలు కొట్టారు. పెద్ద గదిలో కళాకారులు, చిన్న గదిలో నేను, మధ్యలో రెండు పొరల అద్దం. రికార్డింగు జరిగేటప్పుడు ఫ్యాన్లు ఆపాలి, లేకపోతే ఆ చప్పుడు మైకుల్లో పడుతుంది. అనంతపురంలో ఆగస్టులో ఫ్యాను ఆపిన గది ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. కళాకారులు తువ్వాళ్ళు తడుపుకుని మెడకు వేసుకునేవారు.

మా దగ్గర నాలుగు ట్రాకుల టేపు యంత్రం ఉండేది. ఒకే టేపు మీద నాలుగు దారులుంటాయి. ముందు డ్రమ్ములు, గిటారు రెండు దారుల్లో ఎక్కించి, తర్వాత వాటిని హెడ్‌ఫోన్లలో వింటూ మూడో దారిలో మరొకరు వాయించవచ్చు. దీన్ని డబ్బింగు అంటాం. చేసేవాడికి ఓపిక ఉంటే అంతా శుభ్రంగా వస్తుంది. నాకు ఓపిక ఉంది, శుభ్రత పిచ్చి కూడా ఉంది.

ఆర్కెస్ట్రా ఆగస్టు తొమ్మిదిన ఉదయం మెటడార్ వ్యానులో దిగింది. మొత్తం ఐదుగురు. నాయకుడు నాగేంద్ర, గుంతకల్లులో బట్టల అంగడి ఉన్న శెట్ల కుటుంబం వాడు. గిటారు వాయిస్తూ పాడేవాడు. డ్రమ్ముల మీద ఖాజా. ఒక కీబోర్డు అతను, ఒక గాయని. ఐదోవాడు ఓబులేసు, బేస్ గిటారు. అంటే నాలుగే లావు తీగలుండి, అడుగు స్వరాలు మాత్రమే పలికే గిటారు. నలభై దాటిన మనిషి, రైల్వే షెడ్డులో ఫిట్టరు. ఆ గిటారు అతనికి ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు ఇచ్చిపోయాడట. రిటైరై బెంగళూరు వెళ్ళిపోతూ గిటారుతో పాటు ఒక క్యాసెట్టు కూడా ఇచ్చాడు. అందులో ముప్పై ఏళ్ళ కిందటి ఒక ఇంగ్లీషు రాక్ బ్యాండు పాటలున్నాయి. పైన రాసిన పేరు అరిగిపోయింది. ఆ బ్యాండు ఏదో ఈనాటికీ నాకు తెలియదు.

మైకులు అమర్చి టీ తాగుతున్నప్పుడు ఓబులేసు ఆ క్యాసెట్టు జేబులోంచి తీశాడు.

"సారూ, ఇంత పెద్ద డబ్బాల్లో ఇది నేనెప్పుడూ ఇనలేదు. ఒక్క పాట ఎయ్యండి."

వేశాను. నా స్పీకర్లు పెద్దవే. అరపాట విని ఆపేశాను. వీళ్ళకు లయ కుదరలేదే అన్నాను. డ్రమ్ములవాడు ముందుకు ఉరుకుతున్నాడు, గిటారువాడు వెనక నుంచి తీరిగ్గా వస్తున్నాడు, పాడేవాడికి ఈ ఇద్దరితోనూ పని లేదు.

ఓబులేసు నవ్వాడు. "మీరు పైన ఇంటాండారు సారూ. గిటారోడు అందరికీ ఇనపడతాడు. కింద ఇనండి, కింద. ఆ ఇద్దర్నీ ఒకడు పట్టుకోని ఉండాడు సూడండి."

మళ్ళీ వేయించాడు. నిజమే, అడుగున ఒక మనిషి ఉన్నాడు. ఎక్కువ స్వరాలు వాయించడు. డ్రమ్ము పడ్డాక రవ్వంత ఆగి తన స్వరం పెడుతున్నాడు, గిటారు వచ్చేదాకా దాన్ని లాగి ఉంచుతున్నాడు.

"గూడ్సు బండిలో పెట్టెకూ పెట్టెకూ తగిలిచ్చే కప్లింగు చూసింటారు కదా," అన్నాడు ఓబులేసు. "దాంట్లో లూజు ల్యాకపోతే ఇంజను అన్ని వ్యాగన్లనూ ఒక్కతూరి గుంజలేదు. లూజు ఉంటేనే ఒగటెనక ఒగటి కదుల్తాయి. ఈ పాట అట్ల కదుల్తాది. ఆ కప్లింగే ఈయప్ప. ఈయప్ప పేరు ఎవురికీ తెల్దు. అట్టమింద ఫొటోలో గూడా ఒగ మూలకు ఉంటాడంట, మా డ్రైవరు దొర చెప్పె."

"ఈనికీ అదే రోగం సార్," అన్నాడు ఖాజా. "మా బ్యాండు ఫొటోలో ఈని చెయ్యి ఒక్కటే పడిండాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు డైరీలో మాత్రం ఇలా రాశాను: "ఓబులేసు అనే అతను కట్టుబాటు లేని వాయిద్యాన్ని మెచ్చుకుంటున్నాడు. ఇతన్ని కనిపెట్టి ఉండాలి." ఏమీ జరగక ముందే రాసిన మాట ఇది.

పని మొదలుపెట్టే ముందు లెవెల్ పరీక్ష చేస్తాం. అందరూ కలిసి ఒక పాట వాయిస్తారు, దాన్ని టేపు మీద ఎక్కిస్తూ ఎవరి చప్పుడు ఎంతుందో మీటరు ముల్లు చూసి సరిచేసుకుంటాం. ఆ పరీక్షలో బేస్ గిటారు గదంతా నిండిపోయింది. ఆ అడుగు స్వరం డ్రమ్ముల మైకులోనూ, గాయని మైకులోనూ దూరి కూర్చుంది. ముల్లు ఎర్ర గీత దాటుతోంది. కనుక మిగతా నలుగురినీ ముందు రికార్డు చేసి, బేస్ గిటారును తర్వాత డబ్బింగు చేద్దామని నిర్ణయించాను. ఇలాంటి గదిలో అది తప్పు నిర్ణయం కాదు. ఇప్పుడైనా అదే చేస్తానేమో.

ఓబులేసు ఒప్పుకోలేదు. "అందరూ ఉంటేనే కదా సారూ నేను ఉండేది. ఒక్కన్నే కూచోబెడితే ఎవుర్ని పట్టుకోని వాయించేది?"

హెడ్‌ఫోన్లలో అందరూ వినబడతారని నచ్చజెప్పాను. అతను లేకుండా ఆ నలుగురూ వాయిస్తే ఖాజా ఉరికాడు, నాగేంద్ర వెనకబడ్డాడు. పాట ఏ ముక్కకా ముక్కగా విడిపోయింది. దానికి నేను వెతికిన మందు మెట్రొనోము. గడియారంలా టిక్కుటిక్కుమనే ఆ పరికరాన్ని అందరి చెవులకూ కట్టి, దాని వెంట వాయించమన్నాను. రెండు పాటలు అలా పూర్తయ్యాయి. గీత గీసినట్టు వచ్చాయి.

మధ్యాహ్నం మూడింటికి ఓబులేసును ఒక్కడినే గదిలో కూర్చోబెట్టాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని వాయించాడు. అయ్యాక నవ్వుతూ అద్దం వైపు చూశాడు. బాగా వచ్చిందని అతని మొహమే చెప్పింది. అందరినీ పిలిచి టేపు వినిపించాను. బేస్ గిటారు ప్రతి దెబ్బకూ వెనకబడి ఉంది. అతను మామూలుగా ఆగే రవ్వంత కాదు. ఎవరి చెవికైనా కొట్టొచ్చినట్టు తెలిసేంత ఆలస్యం.

"ఏమప్పా ఓబులేసూ, తాళి కట్టేటప్పుడు పిలిస్తే అప్పగింతలకు వస్తాండావే," అన్నాడు నాగేంద్ర. తర్వాత నా వైపు తిరిగి, "వాడు ఎప్పుడూ రోంత ఎనకే సార్. మేము తిడతానే ఉంటాం," అన్నాడు.

"ల్యా, నాకు సరిగ్గానే ఇనపడె," అన్నాడు ఓబులేసు. రెండోసారి వాయించాడు, మూడోసారి వాయించాడు. మూడుసార్లూ అంతే. నాలుగోసారి కావాలని ముందుకు తోసి వాయించబోయి పూర్తిగా తడబడ్డాడు.

"చెవుల్లో సరిగ్గానే ఉండాది సారూ. టేపులోనే యాడనో..."

"టేపు అబద్ధం చెప్పదు," అన్నాను.

ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉన్న మనిషి, స్టూడియోలో, అందరి ముందూ అన్న మాట. అడుగు స్వరాలను కీబోర్డు అతను ఎడమ చేత్తో వాయిస్తాడని నాగేంద్ర ప్రతిపాదించాడు. అలా అయితే డబ్బింగు అక్కర్లేదు, నలుగురూ ఒకేసారి వాయించేయవచ్చు. నేను సరేనన్నాను. ఓబులేసు తీగను మోచేతికి చుట్టుకుని, గిటారు సంచిలో పెట్టుకుని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు రెండు రోజుల్లో ఎనిమిది పాటలూ ముగించారు.

ప్రతి రికార్డింగు తర్వాత మూడు ప్రతుల నివేదిక రాయాలి. టేపు సంఖ్యలు, కళాకారుల పేర్లు, అనుకున్న పద్ధతి ఎక్కడైనా మారితే దానికి కారణం. ఒక ప్రతి ప్రోగ్రాం అధికారికి, ఒకటి ఫైలుకు, ఒకటి ఆర్కెస్ట్రా నాయకుడికి. నేను రాసిన వాక్యం ఇది: "బేస్ గిటారు కళాకారుడు శ్రీ ఓబులేసుకు లయలో నిలకడ లేనందున అతని వాయిద్యాన్ని మినహాయించడమైనది." సంతకం చేసి, తేదీ వేశాను.

నాలుగో రోజు, ఆగస్టు పన్నెండున, పాటల మధ్య వ్యాఖ్యానం డబ్బింగు చేయడానికి ఒక ఉపాధ్యాయురాలు వచ్చారు. పాట ఆగిన చోట ఆమె మాట అందుకోవాలి. చక్కగా అందుకున్నారు. టేపు తిప్పి వింటే ఆమె మాట ఆలస్యంగా ఉంది. మళ్ళీ చదివించాను. మళ్ళీ అంతే ఆలస్యం. నా చేయి దానంతటదే యంత్రం కుడివైపు మీటల మీదికి వెళ్ళింది.

ఇక్కడ కొంచెం వివరించాలి. టేపు యంత్రంలో శబ్దాన్ని టేపు మీద రాసే హెడ్ వేరు, దాన్ని చదివి వినిపించే హెడ్ వేరు. మా యంత్రంలో వాటి మధ్య దూరం దాదాపు రెండంగుళాలు. టేపు సెకనుకు పదిహేను అంగుళాలు నడుస్తుంది. కాబట్టి రాసే హెడ్‌ను దాటిన చోటు చదివే హెడ్ దగ్గరికి చేరడానికి సెకనులో ఎనిమిదో వంతు, ఇంకా కాస్త పైన పడుతుంది. డబ్బింగులో కళాకారుడికి పాత వాయిద్యాన్ని చదివే హెడ్ నుంచి వినిపిస్తే, అతను దానితో సరిగ్గా కలిపి వాయించినా టేపు మీద అంత ఆలస్యంగా పడుతుంది. అలా జరగకుండా డబ్బింగు వేళ రాసే హెడ్‌తోనే చదివించే ఏర్పాటు ఉంది. దానికొక మీట. ఆగస్టు ఎనిమిది సాయంత్రం యంత్రాన్ని పరీక్షిస్తూ ఆ మీటను మామూలు స్థానంలోకి తిప్పింది నేను. మళ్ళీ డబ్బింగు స్థానంలోకి తిప్పనిది కూడా నేనే. పని మొదలుపెట్టే ముందు చూడాల్సిన ఏడు అంశాల పట్టిక నా చేత్తోనే రాసి గోడకు అంటించాను. మీట అందులో నాలుగోది. తొమ్మిదో తేదీన ఏడింటికీ టిక్కులు పెట్టి ఉన్నాయి. మీట వంక చూడకుండానే పెట్టాను.

ఇంకా సిగ్గుపడే సంగతి ఆ తొమ్మిదో తేదీ డైరీలోనే ఉంది: "మూడుసార్లూ ఒకే కొలతలో వెనక." మనిషి లయ తప్పితే ఒకసారి ఎక్కువ తప్పుతాడు, ఒకసారి తక్కువ తప్పుతాడు. ముమ్మారూ ఒకే కొలతలో తప్పేది యంత్రమే. ఈ పాఠం కొత్తగా చేరినవాళ్ళకు నేనే చెప్పేవాడిని. సాక్ష్యం నా చేతిరాతలోనే ఉంది, నేను దాన్ని మనిషి మీద నేరంగా రాసుకున్నాను.

మీట తిప్పాను. ఉపాధ్యాయురాలితో, చిన్న సర్దుబాటు చేశానమ్మా, ఇంకొకసారి చదవండి అన్నాను. ఆమె చదివి వెళ్ళిపోయారు. నివేదిక అప్పటికే ప్రోగ్రాం అధికారి బల్ల మీద ఉంది. వెళ్ళి వెనక్కు తీసుకోలేదు. ఆ రోజు డైరీలో "యంత్రం సరిచేశాను" అని మాత్రమే ఉంది. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. డైరీలో కూడా నా నుంచి నేను దాక్కున్న రోజు నాకు తెలిసి అదొక్కటే.

మాట్లాడకపోవడానికి నాకు నేను చెప్పుకున్న కారణాలున్నాయి. క్యాసెట్టు గడువు దగ్గర పడింది. ఓబులేసు ఎలాగూ వెనకబడి వాయించే మనిషేనని వాళ్ళ నాయకుడే అన్నాడు. బ్యాండులో ఏమి జరిగినా అది వాళ్ళ సొంత వ్యవహారం. ఒక్కటీ అసలు కారణం కాదు. అసలు కారణం సర్వీసు పుస్తకంలో లేని ఆ ఎర్ర గీత.

ఆగస్టు ముప్పై ఒకటిన ఓబులేసు ఒంటరిగా స్టూడియోకు వచ్చాడు. షెడ్డులో సెలవు పెట్టి, గుత్తి, పామిడి మీదుగా బస్సులో వచ్చాడు. చేతిలో ఒక సంచి.

"సారూ, మీ తావ చెవులు పరీక్ష చేసే మిషను ఏమన్నా ఉండాదా?"

ఎందుకని అడిగాను.

"ఇరవై ఏండ్లుగా షెడ్డులో ఇంజన్ల మోత ఇంటాండా. చెవులు పోయినాయేమో అని అనుమానం. ల్యాకపోతే టేపులో అంత ఎనకబడింటే నాకు తెల్యకుండా ఎట్ల ఉంటాది? నాగేంద్ర ఆ కాయితం చూపిచ్చినాడు. 'ఇంక వద్దులేప్పా, కీబోర్డుతో నడుపుకుంటాం' అనె. తప్పు వాండ్లది గాదు. నాకే తెల్సుకోవాలని ఉండాది."

మా దగ్గర ఆసిలేటర్ ఉండేది. కావలసిన స్థాయిలో ఒకే స్వరం పుట్టించే పెట్టె అది. యంత్రాలు పరీక్షించడానికి వాడతాం. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, స్వరం వినబడగానే వేలెత్తమన్నాను. పై స్వరాలన్నిటికీ ఎత్తాడు. కిందికి దించుకుంటూ వచ్చాను. నాకు వణుకులా తప్ప వినబడని అడుగు స్వరానికి కూడా అతను వేలెత్తాడు. నేను చూసిన చెవుల్లో అంత మంచివి రెండో మనిషికి లేవు.

"చెవులు బాగున్నాయి," అన్నాను.

అతను హెడ్‌ఫోన్లు తీసి, రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "అయితే చేతులే సారూ. స్పానర్లు పట్టీ పట్టీ మొద్దుబారినట్టుండాయి. పోనీలే, అదే నయం. చెవులు పోయింటే పాట ఇనేది గూడా ల్యాకపోవు."

ఆ మీట నాకు చేయి చాస్తే అందేంత దూరంలో ఉంది. దాన్ని అటొకసారి, ఇటొకసారి తిప్పి వినిపించడానికి ఒక నిమిషం చాలు. నేను లేచి హెడ్‌ఫోన్ల తీగ చుట్టి కొక్కానికి తగిలించాను. అతను నమస్కారం పెట్టి సంచి బల్ల మీద ఉంచాడు. అందులో సీతాఫలాలున్నాయి. నా విలువైన సమయం తీసుకున్నందుకట.

క్యాసెట్టు సెప్టెంబరులో ఊళ్ళకు వెళ్ళింది. మాటలు స్పష్టంగా ఉన్నాయని అధికారులు మెచ్చుకున్నారు. ఒకసారి పామిడిలో టీ తాగుతుంటే మైకు జీపు వచ్చి ఆగింది. హోటలాయన రెండు పాటలు విని, "పాట బాగుండాది గానీ కుట్టు మిషను తొక్కినట్టుండాదప్పా," అన్నాడు. ఎవరు చేశారో అతనికి తెలియదు. నేను చెప్పలేదు.

2004 మేలో నా పదవీ విరమణ. ఆ జనవరిలో టేపుల జాబితా తయారు చేయాల్సి వచ్చింది. ఐదేళ్ళు దాటబోయే టేపులను విని, పనికిరానివైతే చెరిపి తిరిగి వాడుకోవాలన్నది నియమం. వాటిలో "లెవెల్ పరీక్ష, 9-8-99" అని నా చేత్తో రాసిన చుట్ట ఉంది. ఐదుగురూ కలిసి వాయించిన ఆ ఒక్క పాట.

వేసి కూర్చున్నాను. ముల్లు ఎర్ర గీత దాటుతోంది. బేస్ గిటారు అన్ని మైకుల్లోకీ కారుతోంది. టెక్నీషియన్‌గా చెప్పాలంటే అది చెరిపేయదగిన టేపు. కింద వినమని ఓబులేసు చెప్పిన మాట గుర్తు చేసుకుని, మిగతావన్నీ వదిలి అడుగు స్వరాన్ని పట్టుకుని విన్నాను. ఖాజా ఉరుకుతున్నాడు. ఓబులేసు అతనితో పరుగెత్తడం లేదు, ఆపడం లేదు, దెబ్బ పడ్డాక తన స్వరం పెట్టి దాన్ని నాగేంద్ర గిటారు వచ్చేదాకా మోస్తున్నాడు. ఒక చరణం చివర గాయని ఊపిరి చాలక అర మాత్ర ఆలస్యమైతే, అతను ఒక స్వరం ఎక్కువసేపు నిలిపి ఆమెకు చోటిచ్చాడు. ఎవరూ గమనించరు. గమనించనందువల్లే పాట విరగలేదు. ఎవరూ ఎవరితోనూ కచ్చితంగా కలవడం లేదు, అయినా అందరూ ఒకే చోటికి వెళుతున్నారు. నేను జిల్లాకు పంచిన ఎనిమిది పాటల్లో ఇలాంటి చోటు ఒక్కటీ లేదు. అన్నిటినీ నేనే సరిచేశాను.

ఆ టేపును క్యాసెట్టుకు ఎక్కించి, వచ్చిన ఆదివారం గుంతకల్లు వెళ్ళాను.

రైల్వే క్వార్టర్సులో ఓబులేసు ఇంటి ముందు స్టూలు వేసుకుని కిరోసిన్ స్టవ్వు బాగు చేస్తున్నాడు. నన్ను చూసి లేచాడు. గిటారు గురించి అడిగితే, కాలనీ చర్చికి ఇచ్చేశానన్నాడు. నేను కూర్చోకుండానే మీట సంగతి మొత్తం చెప్పాను. అతను ఫిట్టరు కనుక హెడ్లు, దూరం, వేగం వెంటనే అర్థమయ్యాయి. చివరిదాకా విని, అంతవరకూ నన్ను 'మీరు' అంటూ వచ్చిన మనిషి ఇలా అడిగాడు:

"నీకు తెలిసింది ఎన్నో దినానికి?"

"నాలుగో రోజుకు."

"నేను చెవులు చూపిచ్చుకోనీక వచ్చింది?"

"ఇరవై మూడో రోజున."

"అంటే, తెలిసీ నా చెవుల్లో కూత పెట్టి పరీక్ష చేసినావు."

అవునన్నాను. అతను స్టవ్వు వత్తులను ఒకటొకటిగా లోపలికి నెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఐదేండ్లు ఈ చేతుల్ని తిట్టుకుంటి. ఇప్పుడు నాకొక్కనికి చెప్తే ఏం లాభం? లేటని అందరి ముందర అంటివి. పా, శెట్టి అంగడికి పోదాం."

అంగడిలో నాగేంద్ర ఇద్దరు ఆడవాళ్ళకు జాకెట్టు గుడ్డ చూపిస్తున్నాడు. వాళ్ళు ఉండగానే చెప్పాను. నాగేంద్ర ఇబ్బందిగా నవ్వాడు.

"ఎప్పటి కతనో సార్ అది. బ్యాండే లేదు కదా ఇప్పుడు. కాఫీ తెప్పిస్తా, కూచోండి."

"కాఫీ మల్ల," అన్నాడు ఓబులేసు. "సారు చెప్పింది ఇంటివా?"

"ఇంటిలేప్పా."

"ఏమని ఇంటివి?"

"నువ్వు లేటు గాదు. మిషను లేటు."

"మిషను కాదు," అన్నాను. "మీట తిప్పనిది నేను. తెలిసి చెప్పనిదీ నేనే."

ఆ ఇద్దరు ఆడవాళ్ళలో ఒకామె, "మీ పంచాయితీ మల్ల చేసుకోండి, నాకు బస్సుండాది, గుడ్డ చించు శెట్టీ," అంది. నాగేంద్ర చించి ఇచ్చాడు. తర్వాత అంగడిలో మోగుతున్న భక్తి పాటలు ఆపి నా క్యాసెట్టు వేశాడు. సగం దాకా నిలబడే విన్నాడు.

"ఇది మేమేనా సార్?" అన్నాడు. గజంబద్ద పక్కన పెట్టి, "వీడు పోయినంక మా సౌండు పల్చనాయె. ఎందుకో తెల్యక ఇంకో పెద్ద స్పీకరు తెస్తిమి. అయినా పల్చనే. రెండేండ్లకు ఎవురి దోవ వాండ్లు పడితిమి," అన్నాడు.

క్యాసెట్టు తీసి ఓబులేసుకు ఇవ్వబోయాను. అతను తీసుకోలేదు.

"నాకెందుకు? నేనేం వాయించిన్నో నాకు తెల్సు. వానికియ్యి, వాడు ఇనాల." మెట్లు దిగుతూ ఆగాడు. "తెల్సు అనే ధైర్యం ఐదేండ్లు లేకుండా చేసినావు సారూ. అది మాత్రం నీ పనే." మధ్యాహ్నం డ్యూటీ ఉందని చెప్పి వెళ్ళిపోయాడు. మళ్ళీ వాయించాడో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు ఉందనుకోలేదు.

సోమవారం పాత నివేదికకు దిద్దుబాటు రాసి, కారణంగా నా పేరు చేర్చి, ఫైలుకు పంపాను. స్వీకరించినట్టు ముద్ర వేశారు. జవాబు రాలేదు. సర్వీసు పుస్తకంలో గీత కూడా పడలేదు. పడి ఉంటే బాగుండేది.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది కొద్దే. ఒకే కొలతలో పదేపదే వచ్చే తప్పు కనబడితే ముందు యంత్రాన్ని చూడండి, తర్వాత మిమ్మల్ని చూసుకోండి, కళాకారుడిని ఆఖరున చూడండి. కొలతకు అందినదంతా సంగీతం కాదు. నేను పరికరాలను నమ్మి, వాటి వెనక ఉన్న నా చేతిని లెక్కలోకి తీసుకోలేదు. ఇవన్నీ నేర్చుకోగలిగినవే. ఇంకొకటి ఏ పట్టికలోనూ ఉండదు. నివేదికలో ఒక మనిషి మీద లేని తప్పు రాశామని తెలిస్తే ఆ రోజే దిద్దాలి. ఆ రోజు ప్రోగ్రాం అధికారి గది నా గది పక్కనే ఉంది, తలుపు తెరిచే ఉంది. నేను లేవలేదు.